జ్ఞానప్రకాశం సారు పర్మిషన్లు

జ్ఞానప్రకాశం సారుకు ఉన్నది ఒకటే పిచ్చి. ఏ ఇంటికి ఏ ఫోల్డరు కనపడాలో ఆయనే తేల్చాలి.

నంద్యాలలో సైన్సు మాస్టరుగా రిటైరయ్యాక ఆయన ఒక కంప్యూటరు కొన్నారు. పాటలు, సినిమాలు, మా వీధివాళ్ల పాత పెళ్లి క్యాసెట్లు అన్నీ అందులోకి ఎక్కించారు. మిద్దెల మీదుగా వైరు లాగి ఆరిళ్ల కంప్యూటర్లకు కలిపారు. 2007 సంగతి ఇది. ఇప్పుడు ఆ వైర్లు లేవు, సారూ లేరు. ఫోన్లో అందరికీ అన్నీ వచ్చి పడుతున్నాయి. ఆయనుంటే అందులో సగం మూసేసేవారు. నిజం చెప్పొద్దూ, ఆయన మూసేసినవి తలుచుకుంటేనే నాకు బెంగగా ఉంటుంది.

అంగడి సుబ్బరత్నమ్మకు భక్తిపాటలు ఎప్పుడూ తెరిచే ఉండేవి. ఒకరోజు ఆమె సారు వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏం సార్, నిన్న కనపడిన సినిమా ఈ పొద్దు యాడికి పాయ?"

"మూసేసినా."

"ఎందుకు?"

"మొన్న దాన్ని చూసి ఏడ్చుకుంటా, అంగడికొచ్చినోళ్లకు చక్కెర అడిగితే ఉప్పు కట్టిస్తివి. బీపీ తగ్గినాక తెరుస్తాలే."

ఇంటర్ రెండుసార్లు తప్పిన ఈశ్వర్ సంగతి మరీ అన్యాయం. కెమిస్ట్రీలో ఇరవై మూలకాలు వరసగా అప్పజెబితే ఒక కామెడీ సినిమా తెరిచేవారు. వాడు సారు కిటికీ దగ్గర నిలబడి హైడ్రోజన్, హీలియం అంటూ మొదలుపెడితే వీధంతా వినపడేది. మూడోసారి పాసయ్యాడు, అది వేరే విషయం.

సారు తనకు మాత్రం మినహాయింపు ఇచ్చుకునే మనిషి కాదు. ఈస్టరుకు ముందు నలభై రోజులూ సినిమాల ఫోల్డరు తనకు తానే మూసుకునేవారు. పాస్‌వర్డు సుబ్బరత్నమ్మ చేత కొట్టించి, తాను గోడవైపు తిరిగి నిలబడేవారు. ఆ నలభై రోజులూ ఆమెను పట్టడం మా వల్ల కాలేదు.

వీటన్నిటికంటే వీధిని ఎక్కువ నవ్వించింది, ఫోల్డర్లు తెరిచే వేళలు రాసి ఆయన గోడకు అంటించిన టైంటేబులు. అది వారం వారం మారేది. ఒక వారం పొద్దున తొమ్మిది, మరో వారం మధ్యాహ్నం మూడు. సారుకు చాదస్తం ముదిరిందనుకునేవాళ్లు. అది మా ఇంటి కోసమని వాళ్లకు తెలియదు.

1998లో మా అక్క సుమలత పెళ్లయింది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే సోమన్న మామ అమ్మకు సొంత తమ్ముడు. మేనమామ కాబట్టి అక్కను గంపలో కూర్చోబెట్టుకుని మండపానికి ఎత్తుకొచ్చాడు. నాలుగడుగులు వేశాక తూలాడు. అక్కకు ఏమీ కాలేదు గానీ, మా నాయన శివయ్య మగపెళ్లివారి ముందర పకపకా నవ్వాడు.

"బండలు ఎత్తేటోనివి, పిల్లను ఎత్తలేకపోతివే" అన్నాడు.

మామ ఆ నిమిషమే ఆళ్లగడ్డ బస్సెక్కాడు. తొమ్మిదేళ్లు రాకపోకల్లేవు. మా నాయన బస్సు కండక్టరు. ఆళ్లగడ్డ డ్యూటీ పడిన రోజు ఆయనకు జ్వరం వచ్చేది.

అక్క పెళ్లి క్యాసెట్టు కంప్యూటరులోకి ఎక్కిందని తెలిసి నాయన, "అది మా ఇంటికి మాత్రం రానీయొద్దు సార్" అన్నాడు. "అట్లే" అన్నారు సారు. మర్నాడు అమ్మ పోయి, "నా తమ్ముని మొగం చూపీ సార్" అంది. దానికీ "అట్లే" అన్నారు. నాయన డ్యూటీలో ఉండే గంటల్లో ఆ ఫోల్డరు మాకు తెరుచుకునేది. డ్యూటీ మారితే టైంటేబులూ మారేది.

నేను మౌసు నొక్కేదాన్ని. అమ్మ తెర దగ్గరికి జరిగి, "ఇప్పుడు ఒళ్లు చేసినాడో, చిక్కిపోయినాడో" అని తనలో తాను అనుకునేది. ఆళ్లగడ్డ ఎంత దూరమని? బస్సెక్కితే పూట తిరక్కుండా పోయిరావచ్చు. ఆమెకు మాత్రం ఆ వైరు ఒక్కటే దారి.

ఒక ఆదివారం సారు చర్చికి పోయిన వేళ మా హాల్లో సన్నాయి మోగింది. తొంగిచూస్తే కంప్యూటరు ముందు నాయన. దాన్ని ముట్టుకోవడమే రాదని మేమనుకున్న మనిషి చకచకా నొక్కుతున్నాడు. తెర మీద గంపతో సోమన్న మామ. నన్ను చూసి ఆపబోయి, కంగారులో శబ్దం ఇంకా పెంచాడు.

అమ్మ గరిటెతోనే వచ్చింది. "ఏందీ, ఆదివారం ఇది రాదు గదా?"

"ఔను, నాకు బుధవారమే గదా" అన్నాడు నాయన.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీకూ ఇస్తాండాడా సారు?"

"నువ్వు సంతకు పోయినప్పుడు." నాయన తెర మీద వేలు పెట్టాడు. "ఈడ చూడు రాజమ్మా. సోమన్న పంచె అంచు మీద ఉండేది నా కాలు. తొక్కింది నేను, నవ్వింది నేను. రెండు నెలల నుంచి చూస్తాండా. పోయి ఎట్ల చెప్పాల్నో తెలీక."

అమ్మ వంగి తెర మీద ఆ కాలును చూసింది. "రేపు ఆళ్లగడ్డ డ్యూటీ అడుగు" అని వంటింట్లోకి పోయింది.

చర్చి నుంచి వస్తున్న సారుకు ఎదురుపోయి, "ఫోల్డరు తెరిచి పోయినారు సార్" అన్నాను.

"మర్చిపోయినా పాపా."

"మీరా?"

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ పెండ్లిని పదకొండు ముక్కలు చేసి పెట్టినా. ఎవరు ఏది తెరిచినా నాకు కనపడుతుంది. మీ అమ్మ ఎప్పుడూ మూడో ముక్కే. మీ నాయనా మూడో ముక్కే. ఒకటే ముక్కను ఇద్దరికీ దాచి దాచి ఎన్ని దినాలు చూపియ్యాల?"

సోమవారం పొద్దున బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కదలబోతోంది. నాయన టికెట్లు కొడుతున్నాడు, అమ్మ ముందు సీట్లో కూర్చుంది. సారు ఆయాసపడుతూ వచ్చి కిటికీలోంచి ఆమెకు ఒక సీడీ ఇచ్చారు.

"సోమన్నకియ్యి రాజమ్మా. ఆడిదాకా నా వైరు రాదు."

"అన్ని ముక్కలూ ఉండాయా సార్?"

"పదకొండూ ఉండాయి. మూడోదాంట్లో మీ ఆయన నవ్విన చోటు కోసేసినా. దానికి సోమన్నకు పర్మిషన్ ఈలేదు."

నాయన ఆ మాటకు నవ్వబోయి, ఆపుకుని, రైట్ రైట్ అన్నాడు.