జపాన్ హోటల్లో మా పాత బియ్యం

కొత్త బియ్యాన్ని మా నాన్న అసలు బియ్యం కిందే జమకట్టేవాడు కాదు. శ్రీకాకుళంలో ఆయన బియ్యం కొట్టుకి ఉన్న పేరంతా పాత బియ్యం వల్ల వచ్చిందే. ఏళ్లు గోదాంలో మగ్గిన సన్న బియ్యం. వండితే మెతుక్కి మెతుకు అంటుకోదు. ఎవరైనా చవగ్గా వస్తాయని కొత్తవి అడిగితే, "అన్నం ముద్దయిపోతాది, ఒద్దు" అని వెనక్కి పంపేసేవాడు. వచ్చిన బేరాన్ని కాలదన్నుకోవడం ఏమిటని అమ్మ సణిగేది.

సూపర్ మార్కెట్లు వచ్చాక ఆ కొట్లో ఈగలు తోలుకోవడమే మిగిలింది. ఇంక మూసేద్దామన్న మాట నాన్న నోట మొదటిసారి విన్న రోజుల్లోనే, ఎచ్చెర్లలో నాతో చదువుకున్న కుర్రాడొకడు ఫోన్ చేశాడు. విజయనగరంలో జపాన్ హోటల్ పెడుతున్నాడట. ఇది నడిస్తే విశాఖపట్నంలో ఇంకోటి పెడతానని, రెండింటికీ మా బియ్యమే తీసుకుంటానని అన్నాడు. మంచివి పంపమన్నాడు. మంచివంటే ఏవో నాన్నకి ఒకరు చెప్పాలా? పెళ్లిళ్లకి అడిగినా తియ్యని బస్తాలు గోదాం వెనక వరస నుంచి తీయించి పంపాడు. కొట్టు గండం గట్టెక్కినట్టే అనుకున్నాం.

హోటల్ తెరిచిన ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని ముగ్గుర్నీ భోజనానికి పిలిచాడు. నల్ల గోడలు, ఎర్ర కాగితం దీపాలు, తినడం కన్నా ఫోన్లో ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన జనం. ఎదుటి గోడ మీద, అన్నం ఎవరి బియ్యంతో వండారో చెబుతూ మా కొట్టు పేరు పెద్ద పెద్ద అక్షరాలతో అతికించారు. నాన్న చూడనట్టే నటించాడు. కూర్చోవడం మాత్రం అది కనబడే కుర్చీలోనే కూర్చున్నాడు.

మాకు వేరే గిన్నెల్లో వండిన శాకాహారమే తెచ్చారు. దోసకాయ, క్యారట్ పెట్టి చుట్టిన అన్నం ముక్కలు. పైన చుట్టిన నల్లది సముద్రపు నాచని తెలిసి అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను తినడానికిచ్చిన పుల్లలతో ఒక ముక్క పట్టుకున్నాను. నోటిదాకా రాకుండానే విచ్చిపోయి అన్నమంతా బల్ల మీద రాలింది. పక్క బల్ల దగ్గరా అదే వరస. ఫొటో తీసేలోపే రాలిపోతోందని ఒకమ్మాయి పగలబడి నవ్వింది. రాలిన ఆ మెతుకులు చూస్తే, ఏ పెళ్లిలోనైనా మెచ్చుకుంటూ తినే అన్నం అది.

అమ్మ రాలిన అన్నం కొంచెం చేత్తో నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"పుల్లగా ఉన్నాది. పాసిపోయిందేటి?"

నాన్న మొహంలో రంగు మారింది. అటువైపు ఎవరో గోడ మీది మా కొట్టు పేరు గట్టిగా చదివారు. మళ్లీ నవ్వులు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వాళ్లని నాలుగు దులిపేద్దామనుకుంటే నాన్న నా చెయ్యి నొక్కిపట్టాడు.

అంతలో హోటల్ పెట్టిన ఆ కుర్రాడే చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. నాన్నతో అనే ధైర్యం లేక నా చెవిలో గొణిగాడు. పులుపు జపాన్ వాళ్ల పద్ధతేనట, కావాలనే కలుపుతారట. చిక్కంతా మెతుకులు అంటుకోకపోవడంతోనే వచ్చిందట. వంటాయన పొద్దుట్నుంచీ కుస్తీ పడుతున్నాడట. మంచివంటే ఎలాంటివి కావాలో ముందే చెప్పి ఏడవొచ్చుగా అని నోటిదాకా వచ్చింది.

"నాతో సెప్పు బాబూ," అన్నాడు నాన్న. "నా బియ్యంలో లోపం ఏటి?"

"లోపం కాదంకుల్. మాకు అన్నం ముద్ద కట్టాలి. మీ దగ్గర కొత్త బియ్యం ఉంటాయా?"

అమ్మ నాన్న నోటి వంకే చూస్తోంది. పాతబడడానికని వేసిన కొత్త బస్తాలు గోదాంలో నిండుగా ఉన్నాయని మా ముగ్గురికీ తెలుసు. లేవంటే కొట్టు మూతపడుతుందనీ తెలుసు. విసురుగా లేచిపోతాడేమోనని భయపడ్డాను. లేచిపోతే బాగుణ్ణనీ అనిపించింది.

నాన్న గోడ మీది పేరు వైపు చూశాడు.

"ఉన్నాయి. రేపు పంపుతాను," అన్నాడు.

కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది. నాన్న చేతులు పట్టుకోబోయాడు. నాన్న ఇవ్వలేదు.

"ఆ పేరు మాత్రం తీయించెయ్యి. నేనుండగానే."

జనం వెళ్లాక సాయంత్రం తీయిస్తానని బతిమాలాడు. నాన్న కదల్లేదు. చివరికి ఒకతను స్టూలెక్కి, అందరూ చూస్తుండగా ఒక్కో అక్షరం పీకడం మొదలుపెట్టాడు. నాన్న బల్ల మీద రాలిన మెతుకులన్నీ వేళ్లతో ఏరి పళ్లెంలో వేసుకున్నాడు. ఆ పుల్లటి అన్నం తల వంచుకుని తిన్నాడు. అమ్మ ఏడుస్తోంది. నేను అటు గోడ వంక చూడలేక, ఇటు నాన్న వంక చూడలేక నీళ్లు తాగుతూ కూర్చున్నాను.

ఆ హోటల్‌కి వెళ్లే కొత్త బియ్యంతోనే కొట్టు నిలబడింది. ఆ బస్తాల మీద మా ముద్ర మాత్రం నాన్న ఏనాడూ వెయ్యలేదు.