తువాలు కింది చెయ్యి

మా మేనమామ పోయాడని మొన్న పొద్దున ఖమ్మం దవాఖానా నుంచి అత్త ఫోన్ చేసింది. ఆయనే ఉంటే ఆ మాటను అంత తేలిగ్గా నమ్మేవాడు కాదు. "ఇంకొకర్ని అడిగి చూడు అల్లుడా" అనేవాడు. ఆయన అల్లుణ్ణే కదా, వార్డుకు ఫోన్ చేసి నర్సును అడిగాను. నిజమేనంది.

మామది కారేపల్లి. పశువుల సంతలో దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. భుజం మీది తువాలు చేతుల మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. పక్కవాడికి గుడ్డ కదలడమే తప్ప ఇంకేమీ కనిపించదు. అలాంటి చోట బతికినవాడు మనిషిని ఊరికే నమ్మడు. "పండ్లు చూడంది ఎద్దును కొనొద్దు, చేత్తో తడమంది దేన్నీ నమ్మొద్దు" అనేవాడు. భద్రాచలం గుడికి వెళ్తే చెప్పులు ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల విడిచేవాడు. నన్ను ఖమ్మంలో చదివించడానికి మా నాన్న వెనకాడితే మాత్రం, "వీని పండ్లు నేను చూసిన బావా, పంపు" అన్నాడు. ఇవాళ నేను తింటున్న తిండి ఆ మాట పెట్టిందే.

ఒకసారి సంతలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని పేస్‌మేకర్ పెట్టారు. ఎడమ భుజం కింద, చర్మం లోపల ఒక బిళ్ల. దాన్నుంచి గుండెలోకి ఒక తీగ.

"అసలుదే పెట్టిండ్రంటవా? ఎవరికో తీసింది కడిగి పెట్టలే గద?" అన్నాడు ఇంటికి రాగానే. ఆయన అనుమానం నాకూ అంటుకుంది.

కొన్ని నెలలకే మళ్లీ పడ్డాడు. బిళ్ల తిరిగిపోయి, తీగ దానికి చుట్టుకుని గుండెలోంచి ఊడొచ్చిందని డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. "పేషెంటే తిప్పినట్టున్నాడు" అన్నాడు. తన తప్పు మామ మీదికి తోస్తున్నాడనుకుని మండిపడ్డాను. వార్డులోకి వచ్చేసరికి మామ ఛాతీ మీద తువాలు కదులుతోంది. ఎత్తి చూస్తే, చర్మం మీంచే బిళ్లను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పుతున్నాడు.

"ఏంది మామా ఇది?"

"చూసుకోకుంటె ఎట్ల అల్లుడా. లోపల ఉన్నదో, జారిందో."

తీగ మళ్లీ అమర్చి, బిళ్ల కదలకుండా కుట్టారు. ఆ తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు. కానీ కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టినా ఎవరికీ చెప్పలేదు, తువాలు కప్పుకుని తిరిగాడు. అత్త కనిపెట్టి నిలదీస్తే, "చెప్తే ఇది తీసేస్తరు. దీనికన్న పాతది పెడ్తరు" అన్నాడట. మేం బలవంతంగా దవాఖానాకు తెచ్చేసరికి విషం రక్తంలోకి ఎక్కింది.

ఆ చీము ఆయన వేళ్ల వల్ల వచ్చిందా, వాళ్ల కత్తి వల్ల వచ్చిందా అన్నది నాకిప్పటికీ తేలలేదు. డాక్టరు చెప్పింది విన్నాను. నమ్మానని మాత్రం అనలేను.

మంటలో పేలుతుందని దహనానికి ముందే దవాఖానాలో బిళ్లను తీసేశారు. కడిగి అత్త చేతిలో పెట్టారు.

"ఇది పాతదా సారూ?" అనడిగింది అత్త.

"కొత్తదే పెట్టామమ్మా. ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది."

నేను డాక్టరు మొహమే చూస్తున్నాను. అబద్ధం దొరకలేదు.

అత్త మామ చెవి దగ్గరికి వంగి, మెల్లగా చెప్పింది.

"అసలుదేనంట. విన్నవా?"