పారాచూట్లూ, రాకపోతేగారూ

మా బ్యాంకులో అప్పు ఇచ్చేముందు కంపెనీల బలాబలాలు తేల్చే పెద్దాయనకు ఒకటే జబ్బు. ఏ శుభవార్త చెప్పినా “రాకపోతే?” అంటారు. అందుకే ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. మాకు ఆయన రాకపోతేగారు.

నా పెళ్లికి పిలిస్తే, “వంటాయన రాకపోతే?” అన్నారు.

“ఇంకొకర్ని పిలుస్తామండీ.”

“ఆయనా రాకపోతే?”

“మీరొస్తే చాలండీ బాబూ!”

“బస్సు రాకపోతే?”

ఇంట్లోనూ అంతే. “నాకు నొప్పులు మొదలైతే, డాక్టరమ్మ రాకపోతే ఎలాగని ముగ్గుర్ని పిలిచారు తమ్ముడూ,” అని వాళ్లావిడ నాతో చెప్పుకుని నవ్వేది. “ముగ్గురూ వచ్చారు. పిల్లాణ్ణి మరిచిపోయి వాళ్లలో వాళ్లే పోట్లాడుకున్నారు.”

ఒకసారి సైన్యానికి పారాచూట్లు కుట్టే కంపెనీ మా దగ్గర పెద్ద అప్పు అడిగింది. ఇద్దరం వెళ్లాం. లెక్కలు నిగనిగలాడుతున్నాయి. మంచి లాభాలు, చేతినిండా ఆర్డర్లు. యజమాని పొంగిపోతూ కుట్టుహాలు చూపించాడు. గుట్టలుగా పడిన తెల్లటి గుడ్డ మధ్య ఆడవాళ్లు వంచిన తల ఎత్తకుండా కుడుతున్నారు.

“సైన్యం కాక ఇంకెవరు కొంటారు?” అని అడిగారు రాకపోతేగారు.

“ఇంకెవరో ఎందుకండీ? అంతకంటే గట్టి బేరం ఉంటుందా?”

“వచ్చే ఏడు ఆర్డరు రాకపోతే?”

యజమాని మొహం మాడిపోయింది. “మీ నోట మంచిమాట రాదా?”

“పోటీ కంపెనీ ఇంతకంటే తేలికైన గుడ్డ తెస్తోంది సార్. మీరు కొత్తరకం కోసం ఏమీ ఖర్చుపెట్టలేదు. మీ మనుషులు బంగారం. కంపెనీ మాత్రం ఒంటికాలి మీద నిలబడింది.”

అప్పు వద్దని రాశారు. ఇంకో బ్యాంకు ఇచ్చేసింది. చేతికొచ్చిన బేరం చెడగొట్టారని మా మేనేజరు ఆయన్ని గాలీ వెలుతురూ లేని మూలగదిలోకి తోసేశాడు.

కొంతకాలానికి సైన్యం తేలికరకానికి మారింది. ఆర్డరు పోటీ కంపెనీకి వెళ్లింది. అప్పుచేసి కట్టిన కొత్త షెడ్డు తెరవకుండానే కంపెనీ మూతపడింది.

“మీ మాటే నెగ్గింది!” అంటూ మేనేజరు చెయ్యి చాచాడు.

ఆయన అందుకోలేదు. “నెగ్గడమేమిటి సార్? నా మాట తప్పయితే ఎంత బాగుండేది! కాస్త నవ్వుతూ చెప్పుంటే ఆ యజమాని వినేవాడేమో.”

తరవాత తరచు సెలవు పెట్టేవారు. దిగులుతో ఇంట్లో పడుకుంటున్నారనుకున్నాం.

ఒకరోజు మా అమ్మాయికి బడిసంచీ కొందామని తయారుచేసేచోటికే వెళ్లాను. అక్కడ కుడుతున్న ఒకావిడ నన్ను పట్టిపట్టి చూసింది.

“మీరు ఆ అపశకునం సారుతో మా పారాచూట్ల కంపెనీకి వచ్చినాయన కదూ?”

“అవునమ్మా. మీరు ఇక్కడ...?”

“ఆయనే చేర్పించారండీ. మేం కుట్టిన ముక్కలు చేత్తో పట్టుకుని సంచులవాళ్లు, టెంట్లవాళ్లు, రెయిన్‌కోట్లవాళ్లు, అందరి గుమ్మాలూ ఎక్కారు. ఇక్కడ పని రాకపోతే ఎలాగని టెంట్లవాళ్ల దగ్గరా మాట్లాడి ఉంచారు. నన్ను రెండుచోట్లా రమ్మన్నారు. ఎటు పోవాలో తెలీక ఏడ్చాననుకోండి!”

మర్నాడు ఆ సంచీ తీసుకెళ్లి మూలగదిలో ఆయన బల్లమీద పెట్టాను. విషయం తెలిసిపోయిందని గ్రహించి ఆయన తల దించుకున్నారు.

“ఏం ప్రయోజనమయ్యా? ఆకాశంలో మనిషి ప్రాణం మోసిన కుట్టు. ఇప్పుడు పుస్తకాలు మోస్తోంది.”

అని, సంచీ పట్టీని రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ లాగారు. ఆయన మొహం ఎర్రబడింది గాని దారం కదల్లేదు. చాలాకాలానికి ఆయన పెదవుల మీద నవ్వు కనిపించింది.

“అమ్మాయికి గట్టిగా చెప్పు,” అన్నారు. “దీన్ని తగిలించుకుని మేడమీంచి దూకకూడదు.”