ఫోన్లో వేసిన జడ

నా బిడ్డ తలలో రెండు సుడులున్నాయి. ఒకటి నడినెత్తిన, ఇంకొకటి కాస్త ఎడమకు. పాపిట ఎంత తిన్నగా తీసుకొచ్చినా ఆ రెండో సుడి దగ్గర వెంట్రుకలు మొండికేస్తాయి. అక్కడ దువ్వెన పనికిరాదు, బొటనవేలు కావాలి. వేలితో కాసేపు అదిమి పట్టుకుంటే అప్పుడు దారికొస్తాయి. ఈ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసని చాలాకాలం గర్వపడ్డాను. ఆ గర్వం పోయినందుకు ఇవాళ నాకు సంతోషం.

నేను పుట్టింది కోరుట్లలో, బ్యూటీ పార్లర్ పని నేర్చింది జగిత్యాలలో, కాపురానికి వచ్చింది సిరిసిల్లకు. మా ఆయన సాంచెల మీద పనిచేస్తాడు. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. మా వీధిలో దాని చప్పుడుకు ఎవరికీ నిద్ర చెడదు, ఆగితేనే మెలకువ వస్తుంది. నేను పెళ్ళికూతుళ్ళకు పూలజడలు వేసేదాన్ని. కథలాపూర్ నుంచి బోయినపల్లి దాకా ఎక్కడ ముహూర్తం ఉన్నా నా సంచి తయారుగా ఉండేది. ఒకసారి జగిత్యాల దగ్గర సినిమావాళ్ళు పెళ్ళి సీను తీస్తూ, మనిషి తక్కువై నన్ను పిలిపించారు. హైదరాబాద్ నుంచి వచ్చిన హెయిర్ డ్రెస్సర్ మేడం నేను అల్లిన జడను తిప్పి తిప్పి చూసి నా నంబరు తీసుకుంది. మర్యాదకు తీసుకుందనుకున్నాను.

కరోనా మొదటి లాక్‌డౌన్ ఎత్తేసిన కొన్నాళ్ళకు ఆవిడే ఫోన్ చేసింది. దుబాయిలో షూటింగు, నెలన్నర పని, అసిస్టెంటు విమానం ఎక్కనంటోంది, నీకు పాస్‌పోర్టు ఉందా అని అడిగింది. కోరుట్లలో పుట్టినదాన్ని అడగాల్సిన మాటేనా అది! మా వైపు రేషన్ కార్డు లేని ఇల్లయినా ఉంటుందేమో గాని పాస్‌పోర్టు లేని ఇల్లుండదు. గల్ఫ్‌లో ఉన్న మా అన్న ఎప్పుడైనా చూడడానికి రమ్మంటాడేమోనని తీయించుకున్నది, ఒక్క ముద్ర కూడా పడకుండా బీరువాలో కొత్తగా ఉంది.

అప్పటికి సాంచెలు సగం బందే. పెళ్ళిళ్ళు జరిగినా పదిమందితో కానిచ్చేస్తున్నారు, పూలజడ ఎవరికి కావాలి? అవసరం ఉంది, నిజమే. కాని ఒట్టి అవసరం కోసమే వెళ్ళానంటే అది అబద్ధం. నాకు ఆశ కూడా ఉంది. విమానం ఎక్కాలని, పెద్ద పెద్దవాళ్ళ తలలు దువ్వాలని. మా ఆయనకు చెప్పాను.

"పోయిరా. పిల్లను నేన్జూసుకుంట," అన్నాడు.

"జడెవరేస్తరు?"

"తెగిన పోగులు అతికేటోన్ని, గా జడ రాదా నాకు?"

ఏడేళ్ళ నా బిడ్డ మాత్రం ఒప్పుకోలేదు. ఏడవనూ లేదు, ఏడిస్తే సముదాయించుకునేదాన్ని. బయల్దేరే రోజు పొద్దున నాతో జడ వేయించుకుని, లేచి నిలబడి, "ఇగ నువ్వు నాకు జడెయ్యకు," అంది. అది అన్న మాట మీద నిలబడే రకం. ఎవరి పోలికో మా వీధిలో అందరికీ తెలుసు. విమానంలో కిటికీ పక్కన సీటు దొరికింది గాని, బయటికి చూసింది తక్కువ. తిరిగొచ్చాక అది నా దగ్గరికి వస్తుందా రాదా అన్నదే నా రంది.

దుబాయిలో మొదట కొన్నాళ్ళు హోటల్ గదుల్లో వేరువేరుగా ఉంచి, ముక్కులో పుల్ల పెట్టి పరీక్షలు చేసి, ఆ తర్వాత మమ్మల్ని రంగుల పట్టీల కింద విడగొట్టారు. నటుల దగ్గరికి వెళ్ళేవాళ్ళ చేతికి ఎర్ర పట్టీ, కెమెరా వాళ్ళకు నీలం, మిగతావాళ్ళకు పసుపు. ఒక రంగువాళ్ళు ఇంకో రంగువాళ్ళతో కలిసి తినకూడదు. ఎవరి అన్నం డబ్బా వాళ్ళది, ఎవరి కుర్చీ వాళ్ళది. రూల్స్ చూసుకోవడానికి ఒక ఆఫీసరు ఉండేవాడు. ఇద్దరు దగ్గరికొస్తే ఈల ఊదేవాడు. ఈల ఊదాలంటే ఆయనే మాస్కు దించాలి, ఆ సంగతి ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నవ్వుకునేవాళ్ళం గాని, ఆయన చాదస్తం వల్లే మా యూనిట్లో అందరం వెళ్ళినవాళ్ళం వెళ్ళినట్టే తిరిగొచ్చాం. ఇప్పుడు తలుచుకుంటే ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఒక్కొక్క నటికి ఒక్కొక్క దువ్వెన, అది ఆమె పేరు రాసిన కవర్లో సీలు చేసి ఉంటుంది. నాకు మాస్కు, మాస్కు మీద ప్లాస్టిక్ అద్దం, చేతులకు గ్లవ్స్. గ్లవ్స్‌తో జడ వేయడమంటే చెంచాతో ఆవకాయ అన్నం కలుపుకున్నట్టే. పని అవుతుంది, చేతికి మాత్రం ఏమీ తెలియదు. వెంట్రుక మెత్తగా ఉందా, పొడిబారిందా, తల వేడిగా ఉందా, ఏదీ అందదు.

మేడం హీరోయిన్‌ను చూసుకునేది. నాకు అప్పజెప్పింది నానమ్మ వేషం వేస్తున్న పెద్ద నటిని. మా వైపు నుంచి వలసపోయిన కుటుంబం కథ అది. ఆమెకు మా ఊళ్ళ ముసలమ్మలు చుట్టుకునే సిగ కావాలి. విగ్గు అవసరం లేనంత జుట్టు ఆమెది, నెరిసి, నడుం దాకా. నేను అమ్మా అనేదాన్ని, ఆమె అమ్మాయ్ అనేది. మూడో రోజో నాలుగో రోజో, సిగ అయిపోయి పిన్నులు పెడుతుంటే ఆమె అద్దంలో నన్ను చూసి, "ఇంకో రెండుసార్లు దువ్వి మళ్ళీ చుట్టమ్మాయ్," అంది.

"బాగరాలేదా అమ్మా?"

"బాగా వచ్చింది. ఈ మొత్తం దేశంలో నన్ను ముట్టుకునే మనిషివి నువ్వొక్కదానివే. అందుకని."

నాకు అప్పటిదాకా తట్టలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ తాకకూడదు. భుజం తట్టడం లేదు, చెయ్యి పట్టుకోవడం లేదు. కెమెరా ముందు తప్ప మనిషికి మనిషి తగిలేది మా దగ్గరే, జుట్టు పనివాళ్ళ దగ్గర, మేకప్ వాళ్ళ దగ్గర. అది తెలిశాక గమనిస్తే, అందరూ మా గది చుట్టే తిరుగుతున్నారు. బోడిగుండు విలన్ కూడా వచ్చి కూర్చుని, కాస్త తల తుడవమన్నాడు.

పెద్దావిడకు కొబ్బరినూనె రాసుకోవాలని ఉండేది. మా వ్యాను డ్రైవరు మెట్‌పల్లి మనిషి. తనకూ మాకూ మధ్య ప్లాస్టిక్ తెర కట్టి ఉండేది. నూనె సంగతి నేను మేడంతో అంటుంటే నా యాస పోల్చుకుని, ఆ తెర వెనక నుంచే, "ఏ ఊరక్కా మీది?" అని అడిగాడు. కోరుట్ల అంటే బండి కాస్త నెమ్మదిగా నడిపాడు. మర్నాడు అడగకుండానే సీలు తీయని నూనె సీసా ఒకటి నా సీటు మీద పెట్టి ఉంచాడు. ఆఫీసరు దాని మీద మందు కొట్టీ కొట్టీ లేబులు ఊడిపోయింది. అంత మర్యాద ఏ నూనె సీసాకూ జరిగి ఉండదు.

ఇంటికి రోజూ వీడియో కాల్ చేసేదాన్ని. మా ఆయన ఫోన్‌ను ఖాళీ దారపు కండెల డబ్బాకు ఆనించి నిలబెట్టేవాడు. బిడ్డ వచ్చేది, ఫోన్‌కు వీపు పెట్టి కూర్చునేది. ఎంత పిలిచినా ఇటు తిరిగేది కాదు, మాట్లాడేది కాదు. నాకు కనిపించేది జుట్టు ఒక్కటే. నా పని జుట్టే కాబట్టి అందులోనే ఇంటి సంగతులు చదువుకునేదాన్ని. నూనె ముట్టి ఎన్నాళ్ళయిందో, పాపిట ఎక్కడ వంకర పోయిందో, ఎక్కడ చిక్కు తీయకుండా పైపైన దువ్వారో. జడ చివర రబ్బరు బ్యాండు బదులు తెల్లటి నూలు పోగు ఉండేది. తెగిన పోగులకు వేసే ముడి మా ఆయన దానికి వేసేవాడు. ఆ ముడి చచ్చినా విడదు, రాత్రి కత్తెరతో కోయాల్సిందేనట. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం దిగేది కాదు.

ఒకరోజు నా కళ్ళు చూసి పెద్దావిడ ఏమిటని అడిగింది. మాస్కు, ప్లాస్టిక్ అద్దం పెట్టుకున్న మనిషి కళ్ళు కూడా ఆమె వదల్లేదు. ఫోన్లో తీసి పెట్టుకున్న ఫొటో చూపించాను, వీపు తిప్పి కూర్చున్న బిడ్డది. కోపం పోలేదమ్మా, ఇక నా దగ్గరికి రాదేమో అన్నాను. ఆమె ఫోన్ దగ్గరికి వంగి చూసింది.

"నిజంగా కోపమొచ్చిన పిల్ల ఫోన్ దగ్గరికే రాదమ్మాయ్. ఇది రోజూ వచ్చి కూర్చుంటోంది. రోజూ పొద్దున నేను నీ ముందు ఎలా కూర్చుంటున్నాను?"

నా చేతిలో ఆమె జడ ఉంది. ఆమె వీపు నా వైపే ఉంది. సిరిసిల్లలో కూడా ప్రతి పొద్దునా నా బిడ్డ పీట లాక్కొచ్చుకుని నా ముందు అలాగే కూర్చునేది. జడ వేయించుకునే పిల్ల ఎవరైనా ఎటు తిరిగి కూర్చుంటుంది? పాతికేళ్ళుగా తలలు దువ్వుతున్నదాన్ని, ఇంతమాత్రం నాకు తోచలేదు.

మర్నాడు ఫోన్ కలవగానే ఎలా ఉన్నావని అడగలేదు, ఇటు తిరగమని బతిమాలలేదు. రోజూ ఇంట్లో అనే మాటే అన్నాను. "తల జెర ఎత్తు బిడ్డా."

తల లేచింది.

నేను ఆపలేదు. "కదలకు. మెడ గట్టిగ వెట్టు," అన్నాను. మెడ నిటారుగా అయింది. పక్క నుంచి మా ఆయన చెయ్యి, చేతిలో దువ్వెన, తెరలోకి వచ్చాయి. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన నన్ను అడగనూ లేదు. నేను చెబుతూ పోయాను, ఆయన చేస్తూ పోయాడు. రెండో సుడి దగ్గర దువ్వెన ఆగింది. "ఆడ దువ్వెన వెట్టకు. బొటనేలుతోని ఒత్తిపట్టు," అన్నాను. ఒత్తిపట్టాడు. వెంట్రుకలు లొంగాయి. నా ఒక్కదాని గుట్టు అలా బయటపడిపోయింది.

ఆ రోజు నుంచి అదే మా మాటామంతీ. బిడ్డకు ఆన్‌లైన్ క్లాసు మొదలయ్యే లోపు జడ అయిపోవాలి. అది ఒక్క మాట మాట్లాడేది కాదు, కాని నేను తల వంచమంటే వంచేది. ఒకోసారి పెద్దావిడ జుట్టు చేతిలో పట్టుకునే ఫోన్లో చెప్పేదాన్ని. ఇక్కడొక పాయ, అక్కడొక పాయ. ఆమె కదలకుండా కూర్చుని వింటూ, మీ ఆయన చెయ్యి తిరిగిందమ్మాయ్, రెండు జడలు కూడా నేర్పు అంది. నేర్పాను. మూడు రోజులు ఒకటి పైకి ఒకటి కిందికి వచ్చాయి. పాపం, పట్టుకుంటే వదిలే మనిషి కాడు, నాలుగో రోజుకు సరిచేశాడు.

షూటింగు అయిపోయి చివరిసారి సిగ విప్పుతుంటే పెద్దావిడ నా గ్లవ్స్ చేతిని పట్టుకుని తన తల మీద ఒక్క క్షణం ఆనించుకుంది. ఆఫీసరు చూశాడు. ఈల ఊదలేదు.

ఇంటికి వచ్చాక రూలు ప్రకారం మా పై గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. అన్నం మెట్ల మీద పెట్టి, పిల్ల తుర్రున కిందికి పారిపోయేది. కింద మా ఆయన ఫోన్‌ను డబ్బాకు ఆనించేవాడు, పైనుంచి నేను చెప్పేదాన్ని, జడ జరిగేది. ఒకే ఇంట్లో పైనా కిందా ఉండి ఫోన్లో జడ వేసుకున్న సంసారం మాదొక్కటేనేమో. నవ్వొచ్చేది, తలుపు తీసుకుని పరుగెత్తాలనీ అనిపించేది.

గడువు తీరిన పొద్దున నేను కిందికి దిగి గచ్చు మీద కూర్చున్నాను. పిలవలేదు. పిలిస్తే రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. బిడ్డ వంటగది గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. లోపలికి వెళ్ళింది. అంతే, అయిపోయింది అనుకున్నాను. పీట ఈడ్చుకుంటూ వచ్చింది. నా ముందు వేసి, వీపు నా వైపు పెట్టి కూర్చుని, దువ్వెన భుజం మీద నుంచి వెనక్కి అందించింది.

వట్టి చేతులతో దాని తల పట్టుకున్నాను. తల కొంచెం వేడిగా ఉంది. వెంట్రుకలు నేను వెళ్ళినప్పటికంటే అంగుళం పెరిగాయి. రెండో సుడి నా బొటనవేలి కింద ఉంది. ఊరికే దువ్వుతూ ఉండిపోయాను.

"చెప్పవేందే?" అంది అది. "ఫోన్ల జెప్పేదానివి గద."

చెప్పాను. తల జెర ఎత్తు బిడ్డా. కదలకు. మెడ గట్టిగ వెట్టు. అది మెడ ఇంకా గట్టిగా పెట్టింది. జడ చివరికి వచ్చాక నేను రబ్బరు బ్యాండు తీశాను. అది చెయ్యి వెనక్కి పెట్టి తడిమి, నా చేతిలోంచి దాన్ని లాగేసింది.

"బాపూ, ముడెయ్యి రా."

మా ఆయన సాంచె దగ్గరికి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటున్నాడు. విప్పి వచ్చాడు. పోగు పళ్ళ మధ్య పట్టుకుని, వేయనా అన్నట్టు నా వైపు చూశాడు. ఆయనకు ఈ జన్మలో నేను చెప్పలేనంత రుణపడి ఉన్నాను, ఆ మాట అప్పుడూ చెప్పలేదు. జడ చివర జారకుండా రెండు వేళ్ళతో పట్టుకుని ఉంచాను. ఆయన ముడి వేశాడు.