ఒక్క గీత సిగ్నల్ కోసం నారాయణగూడ దాకా

ఉదయం ఏడుంబావుకు మహబూబ్‌నగర్‌లో కాచిగూడ వెళ్లే ప్యాసింజర్ ఎక్కాను. రిటైరై రెండేళ్లయింది. ఫైలు చంకన పెట్టుకుని బయలుదేరడం మళ్లీ ఇప్పుడే. కారణం ఒక ఫోన్. "సార్, మా ఊరి సర్వే కాగితం మీద మీ సంతకం ఉన్నది. మంగళవారం నారాయణగూడల విచారణ ఉన్నది, జర వచ్చి చెప్పుండ్రి" అంది మంజుల. హైదరాబాద్ అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న అమ్మాయి.

సెల్ సిగ్నల్ అందని ఊళ్లకు ప్రభుత్వ ఖర్చుతో టవర్ వేసే పథకం ఒకటుంది. ఏ ఊళ్లకు అవసరమో తేల్చే సర్వే ఉద్యోగంలో ఉండగా నా పని. ఊరి హద్దులో ఎక్కడైనా సిగ్నల్ అందితే ఉన్నట్టే అని నిబంధన. అందుకని మేం ఏ ఊరు వెళ్లినా ముందు నీళ్ల ట్యాంకు ఎక్కేవాళ్లం. మంజుల వాళ్ల ఊళ్లో ట్యాంకు మీద నా ఫోన్లో ఒక్క గీత కనిపించింది. ‘ఉంది’ అని రాసి దిగాను. ఆ మాటతో ఊరి పేరు టవర్ల జాబితాలోంచి పోయింది. అలా పోయిన ఊళ్ల అభ్యంతరాలు వినడానికే ఈ విచారణ.

షాద్‌నగర్ దాటాక పక్కనున్న మేస్త్రీ "ఏం పని మీద పోతున్నరు సార్?" అని అడిగాడు. ఒక ఊరికి టవర్ కోసమన్నాను.

"మంచి పని. పుణ్యముంటది" అని తన సద్దిలోంచి సగం జొన్నరొట్టె తుంచి ఇచ్చాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నమిలాను.

తొమ్మిదిన్నరకు కాచిగూడ. అక్కడి నుంచి ఆటోలో నారాయణగూడ చౌరస్తా ఎంతో దూరం లేదు. విచారణ హాలు మెట్ల దగ్గరే మంజుల ఎదురొచ్చి నా సంచీ అందుకుంది. పదకొండు దాటాక వాళ్ల ఊరి వంతు వచ్చింది. తన ఊళ్లో ఫోన్ పనిచేయదని మంజుల చెప్పింది. "ఈ సర్వే చేసినవారు ఉన్నారా?" అని అధికారి అడిగాడు. లేచాను. నిజం నోటిదాకా వచ్చింది. ముందు వరుసలో ఇద్దరు ఉద్యోగులు, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే, వెనక్కి తిరిగి చూశారు.

"నిబంధన ప్రకారమే చేసినం సార్" అని కూర్చున్నాను.

అందులో అబద్ధం లేదు. అందుకే మరీ సిగ్గేసింది. రాతపూర్వకంగా ఏమైనా ఉంటే నాలుగులోపు ఇవ్వమని చెప్పి అధికారి ఇంకో ఊరి పేరు పిలిచాడు.

మంజుల నా సంచీ భుజాన వేసుకుని లేచింది. చిక్కడపల్లిలో తను తినే మెస్సుకు తీసుకెళ్లింది. అక్కడ ఎదురైన స్నేహితురాలితో, "మా ఊరి కోసం పాలమూరు నుంచి వచ్చిండ్రు సార్" అని గొప్పగా చెప్పింది. పప్పు, వంకాయ కూర బాగానే ఉన్నాయి. నేను తలెత్తి తినలేకపోయాను.

"ఊర్ల వీడియో పాఠాలు నడిస్తే నేను ఈడికి వచ్చేదాన్నే కాదు సార్" అంది. "నా హాస్టల్ కిరాయికే నాయిన ఈడ సెంట్రింగ్ పని చేస్తుండు. ఇద్దర్ని ఈడ ఉంచుడు మాతోని కాదు. చెల్లె చదువు ఇంటర్లనే ఆగింది."

చేయి కడుక్కొచ్చి ఆమె నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం అడిగాను. మెస్సు బల్ల మీదే రాశాను: ‘ట్యాంకు పైన ఒక్క గీత చూసి సిగ్నల్ ఉందని రాశాను. దిగాక ఒక్క ఇంటి ముందు కూడా చూడలేదు.’ సంతకం పెట్టి మూడున్నరకు హాల్లో ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు. మళ్లీ సర్వే చేస్తారో లేదో చెప్పలేదు.

బస్టాప్ దాకా వచ్చింది మంజుల.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి సార్. ట్యాంక్ దిగినంక ఇండ్ల కాడ ఎందుకు చూడలే?"

"ఎండ బాగ ఉండె బిడ్డా. తిండి యాళ్లకు ఇంటికి పోదామనుకున్న."

ఆమె తలూపింది. "బస్సు వచ్చింది సార్" అంది.

కాచిగూడలో అయిదు గంటల బండి దొరికింది. ఇలాంటి విచారణకు వెళ్లాల్సినవాళ్లు భయపడనక్కర్లేదు. దారి సులువు, మర్యాదగా కూర్చోబెడతారు, అడిగింది చెబితే చాలు. ఆ చెప్పడమే నాకు చేతకాలేదు. మంజులకు చెప్పిన దానికన్నా కాస్త పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని జడ్చర్ల దాకా వెతుక్కున్నాను. దొరకలేదు. ట్యాంకు దిగిన ఆ రోజు ఇంటికెళ్లి వేడన్నం తిని, కాసేపు హాయిగా నిద్ర కూడా పోయాను.