విప్పే ముందు మైమూనా అక్క చూసేది

నోరు ముందు కదులుతుందనీ, మాట ఆ తర్వాతెప్పుడో వస్తుందనీ నా కూతురు నేర్చేసుకుంటే?

ఆ భయంతోనే పాపను చంకనేసుకొని, లాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకొని, నరసరావుపేట బస్టాండు వెనక సందులో ఉన్న మైమూనా అక్క రిపేరు కొట్టుకు వెళ్లాను. మా లిఖితకు రెండేళ్లు దాటినా మాటలు రాలేదు. చెవులు బాగానే ఉన్నాయని డాక్టర్లు అన్నారు. గుంటూరు నుంచి ఒక మేడమ్ వీడియో కాల్‌లో మాటలు నేర్పుతోంది. ఆవిడ పెదవులు చూసి పాప అనుకరించాలి. ఫోన్‌లో క్లాసు పెడితే లాక్కొని పాటల కోసం ఏడుస్తుంది. ఇక మిగిలింది మా మరిది పత్తి మిల్లు ఆఫీసులో వాడి మాకిచ్చిన లాప్‌టాప్. అందులో మేడమ్ పెదవులు కలిసి విడిపోయాక ఎప్పటికో శబ్దం వచ్చేది. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. కంటికీ చెవికీ మధ్య ఆ ఎడం పసిబుర్రలో ఏం చేస్తుందో ఊహించుకుంటూ తిండి సయించక తిరిగాను.

కొత్తది కొనే స్తోమత లేదు. అందుకని ర్యామ్ పెంచడం, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి వేయడం, ప్రాసెసర్, వైఫై కార్డు మార్చడం, అన్నీ ఒకేసారి కానిచ్చేద్దామనుకున్నాను.

"అన్నీ మార్చెయ్ అక్కా," అన్నాను కూర్చోకముందే.

"అన్నీ మారిస్తే ఇంక నీది ఏం మిగులుద్దమ్మాయ్, మూత తప్ప?" అంది మైమూనా అక్క. "ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉంటది, అది రాదు. మిగతావి విప్పే ముందు చూడాల. పాప క్లాసు ఎప్పుడు?"

"కాసేపట్లో. ఇంటికెళ్లి అది అయ్యాక తెస్తాను."

"ఇంటికెందుకు? ఈడనే పెట్టు. నా పని మొదలయ్యేది ఆ క్లాసు కాడే."

అది ఆవిడ పద్ధతి. ఎవరొచ్చినా బల్ల ముందు కూర్చోబెట్టి, రోజూ చేసుకునే పనే చేయమంటుంది. అప్పటిదాకా స్క్రూడ్రైవర్ ముట్టదు. ఇది తండ్రి నుంచి వచ్చింది. ఆయన పేరు మక్బూల్. ఈపూరులో బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. పెద్ద మోటారు కావాలని రైతు వస్తే, ముందు మిరపచేలోకి నడిచి చివరి సాలు దగ్గర చతికిలబడేవాడట. నీళ్లు అక్కడిదాకా వస్తున్నాయా, మధ్యలో ఎక్కడైనా ఇంకిపోతున్నాయా చూశాకే మోటారు మీద చెయ్యి వేసేవాడు. ఆయన వెంట తిరిగిన మైమూనా ఇంటర్ తర్వాత ఒక కంప్యూటర్ సెంటర్‌లో టైపింగ్ నేర్పుతూ, మూలన పడ్డ వాటిని విప్పడం మొదలుపెట్టింది. పెళ్లయ్యాక భర్త ఖాదర్ వలి బట్టల కొట్టు పెట్టుకోమంటే, చీరలు మడతపెట్టడం తన వల్ల కాదని ఈ కొట్టు తెరిచింది. "పేటలో నాకన్నా బాగా విప్పేవాళ్లుంటే చూపియ్," అని ఎదుటివాళ్లను కవ్విస్తుంటుంది.

మేడమ్ తెర మీదకు వచ్చింది. మైమూనా అక్క తెర వైపు చూడనే లేదు. అరచేతిని లాప్‌టాప్ అడుగున ఆనించి, కళ్లు లిఖిత మొహం మీద నిలిపింది. మొదట్లో పాప మేడమ్ నోటినే చూస్తూ పెదవులు కలిపింది. కొంతసేపటికి చూపు తప్పించి గోడ మీద బల్లి వైపు తిరిగింది.

"ఇదిగో, నా చెయ్యి కాలుతోంది. పాపకి విసుగూ ఇప్పుడే వచ్చింది," అంది అక్క. "మొదట్నుంచీ లేదు, చూశావా?"

యంత్రంలోని జబ్బును పిల్ల కళ్లలో చదివిందావిడ.

అప్పుడే నాకూ ఒకటి తోచింది. మేడమ్‌ను చప్పట్లు కొట్టమని అడిగి, ఆ తెరను ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపాను. చేతులు ఒకచోట కలిశాయి, చప్పుడు ఇంకోచోట వచ్చింది.

"ఓరి నాయనో, ఇది నాకు తట్టలేదే! ఇంకోసారి కొట్టమను!" అని అక్క తనే చప్పట్లు కొట్టింది. లిఖిత కూడా కొట్టింది.

విప్పి చూస్తే, వేడిని బయటికి తోసే రేకుల మధ్య పత్తి నూగు అట్టకట్టుకుపోయి ఉంది. వేడి లోపలే నిలిచిపోయి యంత్రం మందగిస్తోందన్నమాట.

"మీ మరిది మిల్లంతా ఇందులో కూరి పంపాడు. దిండు కుట్టుకో," అంది అక్క. నూగు దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు తుడిచి కొత్తది రాసింది. అంతటితో మూత బిగించేసింది.

"ర్యామ్ కూడా వేసెయ్యొచ్చుగా అక్కా? మళ్లీ పాపనేసుకొని రావాలి."

"రా. రెండూ ఇయ్యాలే చేస్తే ఏది పనిచేసిందో ఎట్టా తెలుసుద్ది? మా నాయన మోటార్ల కాడ చెప్పే మాటే ఇది."

ఒకేసారి రెండు మార్చకూడదని నేను ప్రయోగశాలలో నేర్చుకున్నాను. మిరపసాలు పక్కన కూర్చున్న మనిషి కూడా అక్కడికే చేరుకున్నాడంటే ఎంత ఆశ్చర్యమేసిందో చెప్పలేను.

ఇంట్లో పెట్టిన తర్వాతి క్లాసులో చప్పుడు చేతులతోపాటే వచ్చింది. కానీ మేడమ్ బొమ్మలు చూపించడం మొదలుపెట్టగానే మళ్లీ వెనకబడింది. మళ్లీ కొట్టుకు తీసుకెళ్తే, అక్క ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఇంకో ర్యామ్ వేసింది. ఆ రోజు క్లాసు ఆ బల్ల మీదే జరిగింది. చివరిదాకా ఎడం రాలేదు, పాప చూపూ తప్పలేదు. మేడమ్ బాతు బొమ్మ ఎత్తి చూపితే, లిఖిత పెదవులు బిగించి "బా" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఆత్రమూ వచ్చింది. ఎస్‌ఎస్‌డి కూడా వేయమన్నాను. క్లాసులు పెంచుతానన్నాను, ఇంకో సెంటర్‌లో చేరుస్తానన్నాను, మాటలొస్తాయని నాలుక మీద వసకొమ్ము రుద్దడం మొదలుపెడతానన్నాను.

"ఆగమ్మాయ్!" అంది మైమూనా అక్క, లిఖితను ఒళ్లోకి తీసుకుంటూ. "ఎస్‌ఎస్‌డి వేస్తే తొందరగా ఆన్ అవుద్ది, అంతే. ఈ పిల్ల మాటకి దాంతో పనిలేదు. పాత డిస్క్ మొరాయించినప్పుడు చూద్దాం. పిల్ల సంగతైనా అంతే. ఒకటి మార్చు. మార్చి ఆగు. ఆగినన్నాళ్లూ దాని మొహం చూడు. అది చాలదనిపిస్తేనే రెండోది."

ఇప్పుడు మా ఇంట్లో అలాగే చేస్తున్నాం.