పోత స్కేలుతో చెక్కిన తల

ఎనభైల చివర ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న ఫౌండ్రీలో నేను కొయ్య నమూనాలు చెక్కే మిస్త్రీని. ఆ నమూనాతో ఇసుకలో అచ్చు తీసి కరిగిన ఉక్కు పోస్తారు. ఉక్కు పోత చల్లారితే కుంచించుకుపోతుంది కనుక నమూనాను ఓ పిసరు పెద్దదిగా చెక్కాలి. అందుకు మాకు పోత స్కేలని వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అంగుళం మామూలు అంగుళం కంటే కాస్త పొడుగు. ఇరవై ఏళ్లలో నా నమూనా ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ పొగరు నాకు పుష్కలంగా ఉండేది.

ఒకరోజు కలకత్తా నుంచి ఒక డాక్టరు వచ్చి తలకాయ కావాలన్నాడు. ఎమ్మారై అని కొత్త యంత్రం వస్తోందట. దాని రేడియో తరంగాలకు రోగి తల ఎంత వేడెక్కుతుందో ముందు బొమ్మ తలలో ఉప్పు జెల్లీ నింపి చూస్తారట. ఎవరి తలైనా సరే, కొలత మాత్రం మనిషిదే ఉండాలి, లేకపోతే వేడి లెక్క తప్పుతుందని హిందీలో మరీ మరీ చెప్పాడు.

మా యజమానిది శ్రీకాకుళం వైపు. "నేనుండగా ఇంకో తలేటికి మిస్త్రీ?" అని కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆ తలలో జెల్లీ ముందే ఉందని నేను లోలోపల నవ్వుకున్నాను. కొలతలు రాసుకుని పది రోజులు టేకు చెక్కాను. దాని మీద ఫైబర్‌గ్లాస్ పొర వేసి డొల్ల తల తీయాలి.

పూర్తయిన నమూనా చూసి ఆయన మురిసిపోయి, తన టోపీ తీసి దానికి పెట్టాడు. దిగలేదు.

"ఉతికితే టోపీ బిగిసిపోనాది," అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. అలవాటు కొద్దీ పోత స్కేలుతో చెక్కేశాను. కుంచించుకోడానికి ఫైబర్‌గ్లాస్ ఉక్కు కాదు. నోరు మూసుకుంటే నా పేరు నిలిచేది, ఏ రోగి తలో కాలేది.

"తప్పు నాదే బాబూ. తల పెద్దదైపోనాది."

"నా తలకాయ నాకు తెల్దేటి? అచ్చం నానాగే ఉంది."

మామూలు స్కేలు తెచ్చి ఆయన తల కొలిచి చూపించాను. స్కేలు అరిగిపోయిందన్నాడు. చివరికి, "నీ సరదా, ఇంకోటి సెక్కుకో," అన్నాడు. రోజూ పని అయ్యాక కూర్చుని రెండోది చెక్కాను. దాంతో చేసిన తలే కలకత్తా వెళ్లింది. కొలత సరిపోయిందని డాక్టరు ఉత్తరం రాశాడు. యజమాని దాన్ని చదివి ఏదో ఫైల్లో పడేశాడు.

మొదటిదానికి మాత్రం పాలిష్ పట్టించి తన టేబుల్ మీద పెట్టించుకున్నాడు. వచ్చిన ప్రతివాడికీ నన్ను పిలిపించి మరీ చూపించేవాడు. "మా మిస్త్రీ సేసినాడు. ఎంట్రుకంత తేడా రానీడు."

నా చేతి నుంచి వచ్చిన ఒకే ఒక్క తప్పు పక్కన నిలబడి, పదేళ్లు అందరికీ నమస్కారం పెట్టాను.